ఒసఫునెలో కత్తి బేరం

జపాన్ కత్తి ఒకటి కొనాలని మా బావకు ఎప్పటినుంచో సరదా. అదీ పురాతనమైనది కాదు, ఇప్పుడు బతికున్న కమ్మరి చేతిలో తయారైనదే కావాలి. యోకొహామాలోనే ఉద్యోగం, కాపురం కాబట్టి కత్తి దేశం దాటించే తలనొప్పి ఆయనకు లేదు. సెలవులకు వెళ్లిన నేను తోడు తిరిగాను. అక్క మాత్రం "వంటింట్లో ఉన్న కత్తులు చాలవా?" అని ఇంట్లోనే ఉండిపోయింది.

ముందు షాపులకు కాకుండా టోక్యోలో ర్యోగొకు దగ్గరున్న కత్తుల మ్యూజియానికి వెళ్లడం మంచిదైంది. 2018లో ఇక్కడికి మారిన కొత్త భవనం, పక్కనే చక్కటి పాత తోట. ఇప్పటి కమ్మరులకు పోటీ పెట్టి, ఆ కత్తులను ఏటా ప్రదర్శించేది కూడా ఈ సంస్థే. గాజు ముందు కాస్త మోకాళ్లు వంచి, తల అటూ ఇటూ జరిపితే పదును అంచు వెంట తెల్లటి అల లాంటి గీత తేలుతుంది. కన్ను దానికి అలవాటు పడ్డాకే షాపు మెట్లెక్కాలి.

టోక్యో షాపుల్లో ఇంగ్లీషు నడుస్తుంది, టీ ఇస్తారు, కాగితాలన్నీ వాళ్లే చూసుకుంటారు. ఒకచోట మాత్రం ట్యూబ్‌లైటు కింద కత్తి పెట్టి, ఈ రేటు ఇవాళ్టికే అన్నారు. ఆ వెలుతురులో గీత కనపడి చావదు. దండం పెట్టి బయటపడ్డాం.

సెకి ఊరు గిఫు నుంచి బస్సులో వెళ్లాలి. కత్తులకు పేరు పెద్దదే. కానీ కొలిమి పని చూపించే రోజులు వేరే ఉంటాయి, మేం వెళ్లిన రోజు లేదు. వంటింటి కత్తులకైతే ఇంతకు మించిన ఊరు లేదు, అక్క కోసం ఒకటి తీసుకున్నాం. కత్తి కోసమే వెళ్లేవాళ్లకు పూట చాలు.

అసలు సంగతి ఒకయామా దగ్గరి కత్తుల ఊరు ఒసఫునెది. షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో ఒకయామా దిగి, అక్కణ్నుంచి అకో లైను లోకల్ రైలెక్కాలి. స్టేషన్ చిన్నది, మ్యూజియానికి టాక్సీయే నయం. తిండి ముందే కొనుక్కోండి. శాకాహారులకు ఉడోన్ నూడుల్స్ రసంలోనూ చేప తగులుతుంది, కాబట్టి ఊరబెట్టిన ఉమె పండు పెట్టిన అన్నం ముద్దలే మాకు దిక్కయ్యాయి. ఒకయామా స్టేషన్ పక్క హోటల్లో గది అగ్గిపెట్టెంత, కానీ శుభ్రంగా ఉంది, పొద్దున్నే రైలు అందుకోవచ్చు. ఒసఫునెలోనే బస వెతుక్కోవడం అనవసరం.

మ్యూజియం ఆవరణలోనే కొలిమి, సానపట్టేవాళ్ల గదులు, ఒర చేసేవాళ్ల గదులు ఉన్నాయి. సాన్‌చోమో అనే జాతీయ సంపద కత్తిని ఒసఫునె ఉన్న సెతోఉచి మునిసిపాలిటీ జనం దగ్గర చందాలు పోగేసి 2020లో 50 కోట్ల యెన్‌లకు కొంది. ఊరికి కత్తంటే అంత పట్టింపు.

బావ ఆఫీసులో ఒకాయన జపనీస్‌లో ముందే ఫోన్ చేసి పెట్టడంతో ఒక కమ్మరి మమ్మల్ని రానిచ్చాడు. లైసెన్సున్న గురువు దగ్గర కనీసం 5 ఏళ్లు పని నేర్చి, ప్రభుత్వ అనుమతి పొందినవాళ్లే జపాన్‌లో కత్తి చేయగలరు. అదీ నెలకు పొడుగు కత్తులు రెండే. ఉక్కేమో షిమనె కొండల్లోని ఒకుఇజుమొలో, చలికాలంలో మాత్రమే, ఇనుప ఇసుకను కరిగించి తీస్తారు. బావ ఊరుకోక నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఒకప్పుడు మట్టి మూసల్లో తీసిన ఉక్కు గురించి ఎత్తుకున్నాడు. ఆ కమ్మరి బేరం మర్చిపోయి ఆ మూసల గురించి అడగడం మొదలుపెట్టాడు!

బేరం అన్నానే గానీ, బేరమాడే పద్ధతే లేదు. పొడుగు కత్తి ధర 10 లక్షల యెన్‌లతో మొదలై పైపైకి పోతుంది. సాన, ఒర, పిడి దగ్గరి రాగి పట్టీ అందులో కలిసే ఉన్నాయా, విడిగా కట్టాలా అని ముందే అడగండి. ఆర్డరిస్తే అడ్వాన్సు కట్టి నెలల తరబడి ఆగాలి. చేసి ఉన్న 30 సెంటీమీటర్ల లోపు చిన్న కత్తి దగ్గర బావ మనసు ఆగింది. కమ్మరి చిన్న ఇత్తడి సుత్తితో వెదురు మేకు కొట్టి పిడి ఊడదీశాడు. పాతవాటికి ఆ లోపలి భాగం నల్లగా తుప్పు పట్టి ఉంటుంది. ఇది తెల్లగా, ఆకురాయి గీతలతో, ఉలితో చెక్కిన సంతకంతో నిన్న చేసినట్టుంది. కత్తికి నమస్కరించి అందుకోవాలి, పదునైన భాగాన్ని వేలితో తాకకూడదు, దాని మీదికి వంగి మాట్లాడనూ కూడదు. పూసే నూనె లవంగాల వాసనొస్తుంది, గదంతా పంటి డాక్టరు క్లినిక్కే.

కత్తితో పాటు రిజిస్ట్రేషన్ కార్డు ఇస్తారు, అది లేని కత్తిని ముట్టుకోవద్దు. యజమాని మారినట్టు 20 రోజుల్లోపు ఆ కార్డిచ్చిన జిల్లా విద్యామండలికి రాయాలి. బావ మర్నాడే పోస్టు చేశాడు. టూరిస్టుగా వచ్చి కొనేవాళ్లయితే, ఆ కార్డు వెనక్కిచ్చి సాంస్కృతిక శాఖ నుంచి ఎగుమతి పత్రం తెచ్చుకోవాలి. దానికి వారాలు పడుతుంది కాబట్టి అదే ట్రిప్పులో చేతపట్టుకు వెళ్దామని ఆశ పెట్టుకోకండి. ఇండియాకైతే ఆయుధాల దిగుమతి లైసెన్సు సంగతి డబ్బు కట్టకముందే తేల్చుకోండి.