వైద్యానికి నాలుగు స్టార్లు, పద్ధతులకు ఒకటే

మా తమ్ముణ్ణి హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ మానసిక వైద్యశాలలో చేర్పించాం, పేరు రాయను. డాక్టరు గారు ఓపిగ్గా వింటారు, మందులు బాగా పనిచేశాయి, గదులు శుభ్రం, సాంబారు మాత్రం నీళ్లు.

గొడవంతా మిగతా దగ్గరే. వాడు తనే ఇష్టపడి సంతకం పెట్టి చేరాడు. అలాంటి పేషెంటు వెళ్తానంటే పంపాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది, ప్రాణాపాయం లాంటి అనుమానముంటే పరీక్షించడానికి 24 గంటలు ఆపొచ్చు. ఇక్కడేమో "కోర్సు పూర్తయ్యాక చూద్దాం సార్" అంటారు! ఫోన్ చేరిన రోజే తీసేసుకున్నారు. వేళలు పెట్టుకోవచ్చు, ఒప్పుకుంటాను, అసలు మాట్లాడనివ్వకపోవడం ఏ రూలు? నామినేటెడ్ ప్రతినిధిగా (అంటే చికిత్స నిర్ణయాల్లో పేషెంటుకు తోడుండే మనిషిగా) ఎవరుండాలో వాణ్ణి అడక్కుండానే ఫారంలో నాన్న పేరు రాసేశారు, అది పేషెంటు ఎంచుకోవాల్సిన విషయం, తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టినా చెల్లుతుంది.

నోటితో అడిగినంతకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఇన్‌చార్జి డాక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తేలకపోతే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు (ఇదే చట్టం కింద పేషెంట్ల ఫిర్యాదులు వినే బోర్డు) వెళ్తామనగానే ఫోనూ వచ్చింది, డిశ్చార్జి మాటలూ మొదలయ్యాయి.

చేర్పించేవాళ్లు ముందే అడగండి: ఫోన్ వేళలేంటి, కేసు కాగితాల కాపీ ఇస్తారా, షాక్ ట్రీట్‌మెంట్ అంటే మత్తు ఇచ్చే చేస్తారా (మత్తు లేకుండా చేయడం నిషేధం). బిల్లు ఇన్సూరెన్స్‌కి కూడా పెట్టండి, శారీరక జబ్బులతో సమానంగా కవర్ చేయాలని అదే చట్టంలో ఉంది.