ఏబీసీ ఎన్నికల ఫలితాల సైట్: నల్లగొండ కౌంటింగ్ ఏజెంటు రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఆస్ట్రేలియా రాజకీయాలు అర్థం కావాలంటే అక్కడి ఏబీసీ వాళ్ల ఎన్నికల ఫలితాల వెబ్‌సైట్‌ను మించింది నాకింతవరకు కనబడలేదు. ఏబీసీ అంటే ప్రజల సొమ్ముతో నడిచే ప్రసార సంస్థ, మన దూరదర్శన్ లాగా. సైట్‌కు పైసా ఖర్చు లేదు, లాగిన్ అడగదు, యాడ్స్ లేవు. నేను ఐదుకు నాలుగున్నర ఇస్తా, ఆ అర ఎందుకు తగ్గించానో కింద చెప్తా.

మా దగ్గర చాలా ఇళ్ల పిల్లలు మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో ఉన్నారు, కొందరికి సిటిజన్‌షిప్ కూడా వచ్చింది. అక్కడ సిటిజన్ అయ్యాక ఓటు వేయడం మీ ఇష్టం కాదు, 1924 నుంచి తప్పనిసరి, సరైన కారణం లేకుండా ఎగ్గొడితే ఫైన్. మా అక్క బిడ్డ మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఉంటుంది, లింకు పంపింది తనే. "మామా, గోదాంల కూసొని ఎమ్మెల్సీ కౌంటింగ్ చూసినవ్ గదా, ఇది నీకు జల్ది సమజైతది" అన్నది. నిజంగానే అయింది. ఎందుకంటే వాళ్లది కూడా ప్రాధాన్య ఓటే, అభ్యర్థులకు 1, 2, 3 అని వరుసగా నంబర్లు వేయడం.

2024లో మా వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఉప ఎన్నిక గుర్తుందా? 52 మంది అభ్యర్థులు. దుప్పలపల్లి గోదాంలో జూన్ 5న లెక్కింపు మొదలైతే 7 రాత్రి దాకా సాగింది. కట్టలు కట్టడం, చెల్లనివి పక్కన పెట్టడం, మొదటి ప్రాధాన్య ఓట్లు తేల్చడం, ఎవరికీ సగం దాటకపోతే అడుగున ఉన్నవాణ్ని ఎలిమినేట్ చేసి వాడి బ్యాలెట్లలో 2 అని ఎవరికి వేశారో చూసి పంచడం. ఆ హాల్లో కూచున్నవాళ్లకు తెలుసు, మొదటి ప్రాధాన్యంలో లీడ్ వచ్చినంత మాత్రాన గెలుపు కాదని. బయట వాట్సాప్‌లో మాత్రం గంటకో పుకారు. ఎవరెవరి రెండో ఓటు ఎటు పోతోందో ఒక్కచోట కనబడితే చాలని ఆ మూడు రోజులూ అనిపించింది. ఏబీసీ సైట్ చేసేది సరిగ్గా అదే, అదీ వాళ్ల ప్రతినిధుల సభలోని (మన లోక్‌సభ లాంటిది) 150 సీట్లకు, ప్రతి సీటుకు విడివిడిగా.

ఒక సీటు పేజీ తెరిచి చూడండి. నేనైతే మెల్‌బోర్న్ సీటుతో మొదలుపెట్టమంటా. 2025 మే 3న జరిగిన పార్లమెంటు ఎన్నికలో అక్కడ పర్యావరణవాద గ్రీన్స్ పార్టీ అధినేత ఆడమ్ బాండ్ట్ నిలబడ్డాడు, 2010 నుంచి ఆ సీటు ఆయనదే. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఆయనే ముందున్నాడు, అధికారంలో ఉన్న లేబర్ పార్టీ అభ్యర్థి సారా విట్టీ వెనక ఉంది. పైన ఆ వరుస, పక్కనే గత ఎన్నికతో పోలిస్తే ఎవరికి ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో. ఇక్కడిదాకా చూస్తే బాండ్ట్ గెలిచాడనే అనుకుంటాం. కిందికి జరిగితే ఇద్దరే మిగిలిన లెక్క ఉంటుంది, అందులో విట్టీకి 53 శాతం. ప్రతిపక్షంలో ఉన్న మితవాద లిబరల్ పార్టీకి 1 వేసినవాళ్లలో చాలామంది గ్రీన్స్ కంటే లేబర్‌ను ముందు రాసుకున్నారు, ఆ ఓట్లన్నీ వచ్చి ఆమె ఖాతాలో పడ్డాయి. పార్టీ అధినేత సీటు అట్లా పోయింది. టీవీ చర్చల్లో గంట మాట్లాడినా తెగని విషయం ఆ రెండు పట్టికల్లో తేలిపోతుంది.

ఇక్కడ మన పద్ధతికీ వాళ్లదానికీ ఒక తేడా గమనించాలి. మన ఎమ్మెల్సీ బ్యాలెట్‌లో 1 ఒక్కటే వేసి వదిలేసినా ఓటు చెల్లుతుంది, కాకపోతే మీరు వేసిన మనిషి ఎలిమినేట్ అయ్యాక ఆ ఓటు ఎవరికీ పోదు. వాళ్ల ప్రతినిధుల సభ ఎన్నికలో అందరికీ నంబర్లు వేయాల్సిందే, ఒక్క గడి ఖాళీ వదలొచ్చు, అంతకు మించి వదిలితే చెల్లదు. కాబట్టి చివరికి ప్రతి ఓటూ ఆ ఇద్దరిలో ఒకరికి చేరుతుంది, గెలిచినవాళ్లకు సగం పైన ఖాయంగా ఉంటుంది. 1918లో తెచ్చిన పద్ధతి ఇది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్వాన్ ఉప ఎన్నికలో లేబర్ వ్యతిరేక ఓటు చీలిపోయి లేబర్ గెలిచేసరికి మిగతావాళ్లకు టెన్షన్ పట్టుకుని చట్టం మార్చుకున్నారు. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోస చెప్పుకోవడానికి 480 మంది నల్లగొండ ఎంపీ సీటుకు పోటీలో నిలిచి, బ్యాలెట్‌ను పుస్తకం చేసిన ఊరివాళ్లం మనం. అప్పుడు ఈ పద్ధతి ఉండి ఉంటే లెక్కపెట్టేవాళ్ల గతేంటో గానీ, ఆ ఓట్లు చివరికి ఎటు పోయేవో తెలిసేది.

సైట్‌లో నాకు బాగా నచ్చింది మరొకటుంది, తేలని సీట్ల లెక్కను చివరిదాకా చూపిస్తారు. 2025లోనే సిడ్నీలోని బ్రాడ్‌ఫీల్డ్ సీటు చూడండి. మొదటి పూర్తి లెక్కలో లిబరల్ అభ్యర్థి 8 ఓట్లతో ముందు. రీకౌంటింగ్ పెట్టారు, ఒక్కో కాగితం మళ్లీ చూశారు, చివరికి స్వతంత్ర అభ్యర్థి నికొలెట్ బోలే 26 ఓట్లతో గెలిచింది. పోస్టల్ ఓట్లు పోలింగ్ తర్వాత 13 రోజుల వరకు వచ్చినా తీసుకుంటారు కాబట్టి రోజూ అంకెలు కదులుతుంటాయి. మన దగ్గర అట్లాంటి సీటుంటే గోదాం బయట ఎంత లొల్లి అవుతుందో ఊహించుకోండి.

సరే, అసలు విషయానికొస్తా. ఓటరు మనసు ఎట్లా మారుతోంది, దానివల్ల నాయకుల కుర్చీలు ఎందుకు కదులుతున్నాయి అన్నది ఈ సైట్ దగ్గర పెట్టుకుంటేనే తెలుస్తుంది. 2025లో లేబర్‌కు వచ్చిన సీట్లు 94. మొదటి ప్రాధాన్య ఓట్లు చూస్తే 34.6 శాతమే! అంటే ముగ్గురిలో ఒక్కరే వాళ్లకు 1 వేశారు, మిగతాది 2, 3 నంబర్ల మీద వచ్చింది. అటు లిబరల్స్, పల్లెల్లో బలమున్న నేషనల్స్ పార్టీ కలిసిన కూటమి 32 శాతం దగ్గర ఆగిపోయి 43 సీట్లకు పడిపోయింది. ప్రతిపక్ష నేత పీటర్ డటన్ 2001 నుంచి గెలుస్తున్న డిక్సన్ సీటులోనే లేబర్ అభ్యర్థి అలీ ఫ్రాన్స్ చేతిలో ఓడిపోయాడు. ఎన్నికలో సొంత సీటు పోగొట్టుకున్న మొదటి జాతీయ ప్రతిపక్ష నేత ఆయనే. ప్రధానుల్లో మాత్రం అట్లా ఓడినవాళ్లు ఇద్దరున్నారు, 1929లో బ్రూస్, 2007లో హోవర్డ్.

అందుకే 94 సీట్లు చూసి లేబర్ గాలి అనుకోవద్దు. అదే ఏడాది ఫిబ్రవరిలో మనోళ్లు బాగా ఉండే మెల్‌బోర్న్ శివారు వెరిబీలో విక్టోరియా అసెంబ్లీ ఉప ఎన్నిక జరిగింది, ఆ పేజీ కూడా సైట్‌లో ఉంది. లేబర్ మొదటి ప్రాధాన్య ఓటు సుమారు 16 శాతం పడిపోయింది, సీటు మాత్రం అంచుమీద నిలబడింది. పోయిన ఓట్లు లిబరల్స్‌కు వచ్చాయా అంటే కొంచెమే, ఎక్కువ భాగం స్వతంత్రులకూ చిన్న పార్టీలకూ చెదిరిపోయింది. పెద్ద పార్టీలు రెండింటి మీదా విసుగు ఉంది, కానీ ఎవరు ఎక్కువ భయపెడితే వాళ్లను చివరి నంబర్‌లోకి నెట్టేస్తున్నారు. నాకు అర్థమైన ఆస్ట్రేలియా ఓటరు ఇదే. మా అక్క బిడ్డతో పోట్లాడి మరీ ఈ మాట చెప్తా, తను లేబర్ బలంగా ఉందంటుంది.

ఇక నాయకత్వ గొడవలు. ఇవి ఫలితాల పేజీలో ఉండవు, అదే ఏబీసీలో ఆదివారం పొద్దున వచ్చే ఇన్‌సైడర్స్ కార్యక్రమంలో చూడాలి. మన దగ్గర సీఎంను మార్చాలంటే అధిష్టానం వైపు చూస్తాం. అక్కడ ఆ పార్టీ ఎంపీలందరూ ఒక గదిలో తలుపులేసుకుని రహస్య ఓటు వేస్తారు, గంటలో ప్రధానే మారిపోవచ్చు. 2010 నుంచి 2018 దాకా కుర్చీలో ఉన్న ప్రధానిని సొంత పార్టీవాళ్లే దించడం నాలుగుసార్లు జరిగింది. లేబర్‌లో రడ్‌ను దించి గిల్లార్డ్, గిల్లార్డ్‌ను 57-45తో దించి మళ్లీ రడ్, లిబరల్స్‌లో అబాట్‌ను 54-44తో దించి టర్న్‌బుల్, తర్వాత టర్న్‌బుల్ పోయి మోరిసన్. అబాట్‌ను దించేటప్పుడు టర్న్‌బుల్ చూపిన కారణం వరుసగా 30 న్యూస్‌పోల్ సర్వేల్లో వెనకబడ్డామని. 2018 ఏప్రిల్‌లో ఆయన లెక్కా అదే 30కి చేరింది, ఆగస్టులో ఇంటికి పోయాడు. సర్వేను పట్టుకుని ఒకర్ని దించితే రేపు అదే సర్వే మన మెడకు చుట్టుకుంటుంది.

దీంతో రెండు పార్టీలూ నిబంధనలు మార్చుకున్నాయి. 2013లో లేబర్, కుర్చీలో ఉన్న తమ ప్రధానిని కదపాలంటే ఎంపీల్లో 75 శాతం సంతకాలు కావాలని పెట్టింది. 2018లో లిబరల్స్ ఎన్నిక గెలిచిన ప్రధానికి మూడింట రెండొంతుల రక్షణ పెట్టారు. లేబర్ ప్రధాని ఆల్బనీస్ స్థిమితంగా ఉండటానికి, 2004 హోవర్డ్ తర్వాత వరుసగా రెండు ఎన్నికలు గెలిచిన మొదటి ప్రధాని కావడానికి ఈ నిబంధన కూడా ఒక కారణమని నా అభిప్రాయం. ప్రతిపక్షంలో ఉన్న లిబరల్ నేతకు ఆ రక్షణ లేదు. 2025 మే 13న సుసాన్ లే 29-25తో ఆంగస్ టేలర్ మీద గెలిచి ఆ పార్టీకి మొదటి మహిళా నాయకురాలైంది. వారం తిరిగేసరికి నేషనల్స్ కూటమి తెంచుకున్నారు, మరో వారానికి తిరిగొచ్చారు. సెప్టెంబర్‌లో లిబరల్ సెనేటర్ జసింటా ప్రైస్, లేబర్‌కు ఓట్లేస్తారనే భారతీయులను ఎక్కువగా రానిస్తున్నారన్న అర్థంలో మాట్లాడింది. మనవాళ్లు చాలా బాధపడ్డారు, అందులో న్యాయముంది. కష్టపడి చదివి, పన్ను కట్టి బతికే పిల్లలను ఓటు సంఖ్యగా చూడటం నాకూ మనసుకు తగిలింది. లే భారతీయ సమాజానికి క్షమాపణ చెప్పింది, నాయకత్వం మీద నమ్మకం ఉందని చెప్పడానికి ఒప్పుకోని ప్రైస్‌ను బాధ్యతల నుంచి తప్పించింది. అక్టోబర్‌లో మరో లిబరల్ నేత ఆండ్రూ హేస్టీ తన బాధ్యతల నుంచి తనంతట తానే తప్పుకున్నాడు. డిసెంబర్‌లో నేషనల్స్ మాజీ అధినేత బార్నబీ జాయిస్ కండువా మార్చి, వలసలను వ్యతిరేకించే వన్ నేషన్ పార్టీలో చేరాడు. మే ఎన్నికలో 6.4 శాతం తెచ్చుకున్న ఆ పార్టీ బలం ఏడాది చివరి సర్వేల్లో రెండింతలు దాటింది. లిబరల్స్ ఇల్లు కూలుతున్నది ఎడమ గోడ నుంచా కుడి గోడ నుంచా అని అక్కడి విశ్లేషకులు వాదించుకుంటున్నారు. సీటు పేజీలు చూస్తే నగరాల్లో ఒక గోడ, పల్లెల్లో ఇంకో గోడ.

ఇప్పుడా తగ్గించిన అర. పేజీ మొత్తం ఇంగ్లిష్‌లో, ఎన్నికల లెక్కలు తెలిసినవాళ్ల కోసం రాసినట్టు ఉంటుంది. రెండు పార్టీల మధ్య లెక్క (లేబర్, లిబరల్ కూటమి), ఇద్దరు అభ్యర్థుల మధ్య లెక్క (ఆ సీటులో చివరికి మిగిలిన ఇద్దరు) వేరువేరని ఎక్కడో లోపల వివరణ ఉంది, కొత్తగా చూసే తల్లిదండ్రులకు పైనే ఉండాలి. ఈ లోటు పూడ్చుకోవడానికి ఎస్‌బీఎస్ తెలుగు పాడ్‌కాస్ట్ పెట్టుకోండి, అది కూడా అక్కడి ప్రజా ప్రసార సంస్థదే, మంచి తెలుగులో ఉంటుంది. తెలుగు యూట్యూబ్‌లో మాత్రం ఆస్ట్రేలియా పేరుతో ఎర్ర బాణాలు పెట్టి "ఇక భారతీయులను పంపించేస్తారా" అని వదిలే వీడియోల జోలికి పోకండి. ఇంట్లో పెద్దవాళ్లకు నిద్ర పట్టకుండా చేస్తున్నాయి అవి.

ఇంకో సౌకర్యం, టైము. మేలో సిడ్నీ, మెల్‌బోర్న్‌లో సాయంత్రం ఆరింటికి పోలింగ్ ముగిస్తే మనకు మధ్యాహ్నం ఒకటిన్నర, అన్నం తిని కూచోవచ్చు. 2025లో లేబర్ గెలుపు ఖాయమని ఏబీసీ చెప్పేసరికి మనకు నాలుగు దగ్గర. ముప్పై ఏళ్లకు పైగా ఆ అంకెలు చదివి చెప్పిన ఆంటొనీ గ్రీన్‌కు ఎన్నికల రాత్రి తెర మీద అదే చివరిది. ఆయన చెప్పే తీరు వింటే అంకెలంటే భయం పోతుంది, పాత వీడియోలు ఇప్పటికీ చూడొచ్చు.

మెల్‌బోర్న్‌లో పిల్లలున్నవాళ్లు విక్టోరియా అసెంబ్లీ పేజీ కూడా ఫోన్‌లో దాచుకోండి. అక్కడ ఎన్నికల తేదీ చట్టంలోనే రాసుంది, 2026 నవంబర్ 28. అక్కడి లిబరల్స్ 2024 డిసెంబర్‌లో తమ నేత పెసుట్టోను దించి బాటిన్‌ను, 2025 నవంబర్‌లో బాటిన్‌ను దించి జెస్ విల్సన్‌ను పెట్టుకున్నారు. లేబర్‌కు వెరిబీ లెక్క ఇంకా కళ్లముందే ఉంది. ముందు వెరిబీ, టార్నీట్ పేజీలు తెరవండి, మొదటి ప్రాధాన్య ఓట్ల దగ్గరే ఆగకుండా కిందిదాకా చూడండి.