బ్రిటన్‌లో అద్దె సాయం: దాచుకున్న డబ్బు బ్యాంకులో ఉంచాలా, అప్పు తీర్చాలా, పెన్షన్‌లో వేయాలా? ఏది మేలు?

ఉద్యోగం పోయి అద్దె కట్టడం కష్టమైనప్పుడు బ్రిటన్‌లో స్థిరపడిన మనవాళ్ళు మొదట అడిగేది ఒకటే: "అకౌంట్‌లో డబ్బుంటే గవర్నమెంట్ సాయం ఇస్తుందా?" ఇస్తుంది, కానీ ఒక హద్దు వరకే. ఆ హద్దు ఎక్కడుందో తెలియక అర్హత ఉన్నా అడగకుండా ఊరుకునేవాళ్ళున్నారు. కంగారుపడి డబ్బు ఎవరి పేరుకో మార్చి చిక్కుల్లో పడేవాళ్ళూ ఉన్నారు. రెండోది చూస్తే నాకు ఎక్కువ బాధ.

ముందుగా ఒక మాట. స్కిల్డ్ వర్కర్ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకు మామూలుగా ఈ సాయాలు అడిగే హక్కు ఉండదు. ఐఎల్ఆర్ (బ్రిటన్‌లో శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చినవాళ్ళకు, పౌరసత్వం తీసుకున్నవాళ్ళకు ఈ లెక్క పనికొస్తుంది.

పని చేసే వయసువాళ్ళకు అద్దె సాయం ఎక్కువగా యూనివర్సల్ క్రెడిట్‌లో (ఉద్యోగం లేనివాళ్ళకు, ఆదాయం తక్కువున్నవాళ్ళకు గవర్నమెంట్ నెలనెలా ఇచ్చే సాయం) భాగంగానే వస్తుంది. పొదుపు 6,000 పౌండ్ల లోపు ఉంటే ఏ కోతా లేదు. 16,000 దాటితే ఒక్క పౌండు ఎక్కువున్నా అసలు సాయమే రాదు. ఈ రెంటి మధ్య ఉంటే, 6,000 పైన ప్రతి 250 పౌండ్లకు, అందులో మిగిలిన చిల్లరకు కూడా, నెలకు 4.35 పౌండ్ల చొప్పున తగ్గిస్తారు. 11,000 ఉంటే నెలకు 87 పౌండ్లు, సరిగ్గా 16,000 ఉంటే 174 పౌండ్లు పోతాయి. భార్యాభర్తలది కలిపే లెక్క: ఆయనకు 9,000, ఆమెకు 8,000 ఉంటే ఇద్దరికీ ఏమీ రాదు. ఐసా (పన్ను లేని పొదుపు ఖాతా) అయినా, గవర్నమెంట్ అమ్మే ప్రీమియం బాండ్లయినా, హైదరాబాద్‌లో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ అయినా అన్నీ లెక్కలోకి వస్తాయి. ధరలు ఇంత పెరిగినా 2006 నుంచి ఈ రెండు హద్దులూ కదలలేదు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ఇక ఆ మధ్యలో ఉన్న డబ్బును ఏం చేయాలి?

బ్యాంకులోనే ఉంచుకుంటే చేతిలో డబ్బుందన్న ధైర్యం ఉంటుంది. కానీ దాని ఖరీదు చూడండి. 250 పౌండ్ల మీద నెలకు 4.35 అంటే ఏడాదికి 52 పౌండ్లు దాటుతుంది, దాదాపు 21 శాతం. అంత వడ్డీ ఇచ్చే బ్యాంకు ఎక్కడా లేదు. అయినా రెండు మూడు నెలల్లో మళ్ళీ ఉద్యోగం దొరికేలా ఉంటే ఉంచుకోవడమే మంచిదని నా ఉద్దేశం. 11,000 ఉన్న ఇంటికి మూడు నెలలకు పోయేది 261 పౌండ్లు. ఆ టెన్షన్‌లో, రేపు ఏమవుతుందో తెలియనప్పుడు, 5,000 పౌండ్ల ఆసరాకు అది పెద్ద ఖరీదు కాదు. ఏడాది, రెండేళ్ళు పట్టేలా ఉంటేనే వేరే దారి ఆలోచించాలి.

అప్పు తీర్చడం, నన్నడిగితే, అన్నిటికన్నా మేలైన దారి. క్రెడిట్ కార్డు అప్పుకు కూడా వడ్డీ చాలాసార్లు 20 శాతం పైనే ఉంటుంది. అది తీర్చేస్తే ఆ వడ్డీ ఆగుతుంది, సాయంలో కోతా తగ్గుతుంది. పైగా యూనివర్సల్ క్రెడిట్ నియమాల్లోనే స్పష్టంగా ఉంది: ఉన్న అప్పు తీర్చడాన్ని, సాయం కోసం కావాలని డబ్బు వదిలించుకోవడంగా చూడరు. ఇంటి పరిస్థితికి తగిన వస్తువులు కొనుక్కున్నా అంతే. ఫ్రిజ్ పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు, కారు బాగు చేయించుకోవచ్చు. మన దగ్గర ఎక్కువగా ఉండేవి స్నేహితుల దగ్గర తీసుకున్న చేబదుళ్ళు. అవీ అప్పులే, కానీ నోటిమాట మీద నడిచినవి కాబట్టి రుజువు చూపడం కష్టం. తీసుకున్న రోజు డబ్బు మీ అకౌంట్‌లోకి వచ్చినట్టు స్టేట్‌మెంట్ ఉంటే, తిరిగి ఇచ్చేది కూడా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. నోట్ల రూపంలో ఇవ్వకండి.

పెన్షన్ సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. రిటైర్మెంట్ వయసు రాకముందు పెన్షన్ ఫండ్‌లో ఎంత ఉన్నా పొదుపుగా లెక్కించరు. ఉద్యోగం చేస్తూ నెలనెలా అందులో వేసేవాళ్ళకు ఇంకో లాభం కూడా ఉంది: ఆ మొత్తాన్ని జీతంలోంచి తీసేసి, మిగతాదాన్నే ఆదాయంగా చూస్తారు. కాబట్టి కొంత జీతం, కొంత సాయంతో బతికే కుటుంబానికి ఇది చాలా మంచి దారి. కానీ ఉద్యోగం పోయాక, అప్లై చేసే ముందు వారం 8,000 పౌండ్లు ఒకేసారి పెన్షన్‌లో వేస్తే ఎందుకు వేశారని అడుగుతారు. పైగా 55 ఏళ్ళ లోపు మామూలుగా ఆ డబ్బు మీ చేతికి రాదు. ఆ వయసు వచ్చాక బయటకు తీసి అకౌంట్‌లో వేసుకుంటే మళ్ళీ పొదుపు లెక్కలోకి వస్తుంది.

పిల్లల పేరు మీద వేయడం, తమ్ముడికి పంపడం, బంగారం కొనిపెట్టడం: మనవాళ్ళకు ముందుగా తట్టేవి ఇవే. దయచేసి ఈ దారి పట్టకండి. పిల్లల సొంత డబ్బు మీ లెక్కలోకి రాదన్న మాట నిజమే. కానీ సాయం కోసం మీ డబ్బును వాళ్ళ అకౌంట్‌లోకి మారిస్తే, అది ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్కవేస్తారు. అప్పుడు చేతిలో డబ్బూ ఉండదు, సాయమూ రాదు. చెప్పకుండా దాచి, తర్వాత బయటపడితే తీసుకున్నది తిరిగి కట్టాలి, పెనాల్టీ కూడా పడవచ్చు. చాలా కాలంగా ఒంటి మీదున్న నగల సంగతి వేరు. అవి సొంత వస్తువులు, వాటిని లెక్కించరు.

ఊళ్ళో ఆస్తి గురించి కూడా చాలామంది చెప్పరు. పొలమైనా, అద్దెకిచ్చిన ఫ్లాటైనా, మార్కెట్ విలువలోంచి అమ్మకం ఖర్చుల కింద పది శాతం, దాని మీదున్న లోను తీసేసి మిగిలింది పొదుపుగానే చూస్తారు. ఒక మినహాయింపు మాత్రం మనవాళ్ళకు బాగా పనికొస్తుంది: మీ పేరు మీదున్న ఇంట్లో బ్రిటన్ లెక్క ప్రకారం పెన్షన్ వయసు దాటిన అమ్మానాన్నలు ఉంటుంటే ఆ ఇంటి విలువ లెక్కలోకి రాదు.

పెన్షన్ వయసు దాటినవాళ్ళకు నియమాలు చాలా మెత్తగా ఉంటాయి. వాళ్ళు అద్దె సాయం అడగాల్సింది కౌన్సిల్ ఇచ్చే హౌసింగ్ బెనిఫిట్‌లో. 10,000 వరకు కోత లేదు, ఆపైన ప్రతి 500 పౌండ్లకు వారానికి ఒక పౌండు. 15,000 ఉన్న పెద్దవాళ్ళకు వారానికి 10, అంటే నెలకు సుమారు 43 పౌండ్లు తగ్గుతుంది. అదే 15,000 పని వయసు జంట దగ్గరుంటే నెలకు 156.60 పోతుంది. పెన్షన్ క్రెడిట్‌లోని (ఆదాయం తక్కువున్న పెద్దవాళ్ళకు గవర్నమెంట్ ఇచ్చే సాయం) గ్యారంటీ భాగం వస్తుంటే 16,000 హద్దు కూడా వర్తించదు.

ఇక్కడే మన ఇళ్ళల్లో ఒక చిక్కు వస్తుంది. భర్త భార్యకన్నా ఐదారేళ్ళు పెద్ద కావడం మనలో మామూలు. 2019 మే 15 నుంచి, జంటలో ఒకరికి పెన్షన్ వయసు రాకపోయినా, కొత్తగా అడిగేటప్పుడు ఇద్దరినీ పని వయసు లెక్కలోనే చూస్తారు. ఆయనకు 68, ఆమెకు 60 అయితే వాళ్ళకు 6,000 హద్దే. 2026 నుంచి 2028 మధ్య పెన్షన్ వయసు 66 నుంచి 67కి పెరుగుతుంది కాబట్టి ఇద్దరిలో చిన్నవాళ్ళకు ఆ వయసు ఏ తేదీన వస్తుందో చూసి రాసిపెట్టుకోండి. అంతకుముందు రాలేదని ఊరుకోకుండా, ఆ రోజు దాటగానే మళ్ళీ అడగండి. పెన్షన్ క్రెడిట్‌కైతే, అప్పటికే అర్హత ఉంటే, అడిగిన రోజుకు 3 నెలలు వెనక్కి కూడా లెక్కగట్టి ఇస్తారు.