ఖాతా బహిరంగమా, ప్రైవేటా, అసలు వద్దా: ఏది మేలు?

సోషల్ మీడియా మంచిదా చెడ్డదా అన్న వాదన తెల్లవార్లూ సాగినా తేలదు. మన చేతిలో ఉన్నవి మూడే: ఖాతాను అందరికీ కనిపించేలా ఉంచడం, ప్రైవేటుగా మార్చడం, పూర్తిగా తీసేయడం.

బహిరంగ ఖాతా

లాభం ఒక్కటే, కానీ పెద్దది. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా మిమ్మల్ని వెతికి పట్టుకోగలరు. బొమ్మలు గీసేవాళ్లకు, పాఠాలు చెప్పేవాళ్లకు, చిన్న వ్యాపారం నడిపేవాళ్లకు ఇది తప్పదు. ప్రైవేటు ఖాతాలో పెట్టిన పోస్టు ఎంత బాగున్నా, హ్యాష్‌ట్యాగ్ పెట్టి వెతికిన బయటివాళ్లకు కనిపించదు.

దెబ్బ తగిలేదీ అక్కడే. మీ పేరుతో దొంగ ఖాతా తెరిచి మీవాళ్లను డబ్బు అడగాలంటే మోసగాడికి కావలసింది రెండే: మీ ఫొటో, మీ స్నేహితుల జాబితా. ఫొటోను దాచడం కష్టం గానీ, ఫేస్‌బుక్‌లో జాబితాను ‘ఓన్లీ మీ’కి మార్చడం నిమిషం పని. ఖాతా బహిరంగంగా ఉంచినా సరే, ఇది మాత్రం మార్చాల్సిందే.

ఫొటోలో దాగి ఉండే లొకేషన్ వివరాలను ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ చూసేవాళ్లకు చేరకుండా తొలగిస్తాయి. అదే ఫొటోను వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా పంపితే ఆ వివరాలు అలాగే వెళ్లిపోతాయి. ఇక పిల్లల యూనిఫాం మీది బడి పేరునూ, వెనకాల కనిపించే బండి నంబరునూ ఏ సైటూ చెరపదు. పోస్టు చేసే ముందు ఫొటోను పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి.

ప్రైవేటు ఖాతా

వ్యాపారం లేని ఎవరికైనా మా ఓటు దీనికే. అయితే చాలామంది సగం తలుపే మూసి ఊరుకుంటారు. ఫేస్‌బుక్‌లో పోస్టులు ఎవరికి కనిపించాలో మారిస్తే అది ఆ తర్వాత పెట్టబోయే వాటికే వర్తిస్తుంది. పదేళ్ల కిందటివి బహిరంగంగానే ఉండిపోతాయి. వాటికి ‘లిమిట్ పాస్ట్ పోస్ట్స్’ అని వేరే మీట ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతాను ప్రైవేటు చేసినా అప్పటికే ఉన్న ఫాలోయర్లు ఎక్కడికీ పోరు. తెలియనివాళ్లను ఒక్కొక్కరినే తీసేయాలి.

ఈ తాళం బయటివాళ్లకే గానీ కంపెనీకి కాదు, మీ స్నేహితుల అజాగ్రత్తకూ కాదు. 2018లో బయటపడ్డ కేంబ్రిడ్జ్ అనలిటికా (ఎన్నికల ప్రచారాలకు సలహాలిచ్చిన బ్రిటిష్ సంస్థ) వ్యవహారమే చూడండి. వ్యక్తిత్వ పరీక్ష పేరుతో వచ్చిన ఒక యాప్‌ను వాడింది సుమారు 2,70,000 మంది. వాళ్ల స్నేహితుల వివరాలూ కలిపి గరిష్ఠంగా 8.7 కోట్ల మంది సమాచారం చేతులు మారి ఉండొచ్చని ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. స్నేహితుల వివరాలు లాగే ఆ దారిని 2015లోనే మూసేశారు. అయినా సెట్టింగ్స్‌లో ‘యాప్స్ అండ్ వెబ్‌సైట్స్’ తెరిస్తే ఎప్పుడో ఆడి మరచిపోయిన ఆటలు, క్విజ్‌లు ఇంకా కనిపించవచ్చు. అన్నిటినీ పీకేయండి.

“పొరపాటున మీ నంబర్‌కు ఒక కోడ్ వచ్చింది, కాస్త పంపండి” అని స్నేహితుడి పేరుతో మెసేజ్ వస్తే, అతని ఖాతా ఇప్పటికే పోయిందని అర్థం. ఆ 6 అంకెలు ఇచ్చారో, తర్వాతి వంతు మీదే. పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి, వీలైన చోట ఎస్సెమ్మెస్ బదులు ఫోన్‌లోనే ఆ కోడ్‌ను చూపే అథెంటికేటర్ యాప్ వాడండి. ఫోన్ నంబర్‌ను దొంగలు తమ సిమ్‌కు మార్చుకోగలరు. 2019 ఆగస్టులో అప్పటి ట్విటర్ అధిపతి జాక్ డోర్సీ ఖాతా నుంచే అలా దొంగ ట్వీట్లు పెట్టారు. ఫోన్ లేనప్పుడు లాగిన్ కావడానికి ముందే ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి దాచండి, లేదంటే ఫోన్ పోయినరోజు మీ ఖాతా మీకే తెరుచుకోదు.

తీసేయడం

అమెరికాలో 2018 ఎన్నికల ముందు కొందరిచేత నాలుగు వారాలు ఫేస్‌బుక్ మాన్పించి పరిశోధకులు చూశారు. రోజుకు సగటున గంట మిగిలింది, మనసు కాస్త కుదుటపడింది. వార్తల మీద అవగాహన మాత్రం తగ్గింది. లాభనష్టాల లెక్క దాదాపు ఇంతే.

ఫేస్‌బుక్‌లో డీయాక్టివేట్ చేయడం వేరు, డిలీట్ చేయడం వేరు. మొదటిది ప్రొఫైల్‌ను దాస్తుందంతే, మెసెంజర్ నడుస్తూనే ఉంటుంది. డిలీట్ నొక్కినా 30 రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు. ఆ తర్వాత మొత్తం చెరిగిపోవడానికి 90 రోజుల దాకా పట్టొచ్చు. ఇతరులకు మీరు పంపిన మెసేజ్‌లు వాళ్ల దగ్గరే ఉంటాయి. నొక్కే ముందు ఫొటోలు డౌన్‌లోడ్ చేసుకోండి, ఫేస్‌బుక్‌తో లాగిన్ అయ్యే ఇతర యాప్‌లకు వేరే లాగిన్ పెట్టుకోండి. ఇది మరచినవాళ్లే తర్వాత ఎక్కువ ఇబ్బంది పడతారు.

పని కోసం నలుగురి కళ్లలో పడక తప్పని వాళ్లు ఖాతాను తీసేయడం కంటే రెండుగా విడదీయడం నయం. పనికి బహిరంగ ఖాతా, ఇంటివాళ్లకు ప్రైవేటు ఖాతా. రెండింటికీ వేర్వేరు ఈమెయిల్, వేర్వేరు నంబర్ ఇవ్వండి, ఫోన్‌లోని నంబర్లను యాప్‌కు చేరవేసే కాంటాక్ట్స్ సింక్ ఆపేయండి. ఒకే నంబర్ ఇస్తే, దాన్ని ఫోన్‌లో దాచుకున్న ప్రతి కస్టమర్‌కూ మీ ఇంటి ఖాతా ‘మీకు తెలిసినవారు’ జాబితాలో ప్రత్యక్షమయ్యే అవకాశం ఉంది.