తొమ్మిదేళ్ళుగా ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ వాడకం, ఒక పాలకొల్లు మిక్సింగ్ గది నుంచి

పాలకొల్లులో పెళ్ళి వీడియోల మిక్సింగ్ నా పని. పాత డిస్కులు తెచ్చిస్తే పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇస్తాను కూడా. ఈ తొమ్మిదేళ్ళలో వాటిలోని ఆడియో విప్పడానికి వాడింది ఒక్క ఎఫ్ఎఫ్‌ఎంపెగ్. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. బటన్లుండవు, నల్ల తెర మీద కమాండు కొట్టాలి. పైసా కట్టక్కర్లేదు.

మొదట్లో ఏ డిస్కు వచ్చినా ఆడియోని రెండు ఛానళ్ళకి కుదించేసేవాణ్ణి. అది పొరపాటని పోయినేడాది బాగా తెలిసొచ్చింది. మలికిపురం నుంచి ఒకావిడ వచ్చారు. వాళ్ళ నాన్నగారు కువైట్ నుంచి తెచ్చుకున్న చిన్న డిస్కుల హ్యాండీక్యామ్‌తో మేనకోడలి పెళ్ళి స్వయంగా తీశారట. ఇప్పుడాయన లేరు. "ఫొటోలున్నాయండి అన్నయ్యగారూ, గొంతే ఎక్కడా లేదు. ఒక్క మాటైనా వినపడుద్దేమో చూడండి" అన్నారు.

మామూలుగా ప్లే చేస్తే సన్నాయి, డోలు తప్ప ఏమీ లేదు. కానీ ఆ రకం కెమెరాలు కొన్ని ఏసీ-3 (డాల్బీ డిజిటల్) పద్ధతిలో 5.1 ఛానళ్ళు, అంటే ముందు మూడు, వెనక రెండు, బేస్‌కి ఒకటి, రికార్డు చేసేవి. కెమెరా పట్టుకున్న మనిషి ఉండేది లెన్సుకి వెనక. మాట్లాడితే ఆ మాట వెనక ఛానళ్ళలోనే గట్టిగా పడాలి. స్టీరియోకి, అంటే రెండు ఛానళ్ళకి, కుదిస్తే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ వెనక ఛానళ్ళని తగ్గించి ముందువాటిలో కలిపేస్తుంది, బేస్ ఛానలుని ఏకంగా వదిలేస్తుంది. అందుకని కుదించకుండా ఛానల్‌స్ప్లిట్ ఫిల్టరుతో ఆరింటినీ ఆరు ఫైళ్ళుగా విడదీశాను. తలంబ్రాల దగ్గర, ఎడమ వెనక ఛానల్లో వినపడింది: "ఒరేయ్, ఆ లైటు కాస్త ఇటు తిప్పరా." మేళం అక్కడా ఉంది, కానీ వెనకెక్కడో. హెడ్‌ఫోన్లు ఆవిడకిచ్చి నేను బయటికెళ్ళి నిలబడ్డాను.

ఈ పని చేసేవాళ్ళకి మూడు సంగతులు చెప్పాలి. ఏసీ-3లో పెద్ద శబ్దాన్ని అణచి చిన్నదాన్ని లేపే సూచనలు ఆడియోతోపాటే ఉండొచ్చు, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ వాటిని తనంతట తానే పాటిస్తుంది. గట్టిమేళం అందుకున్నప్పటి ఊపు పోకూడదనుకుంటే ఆ సూచనల్ని ఎంతమేరకు పాటించాలో చెప్పే డీఆర్‌సీ స్కేలు సున్నా పెట్టండి. దాన్ని ఇన్‌పుట్ ఫైలు పేరుకి ముందే రాయాలి. రెండోది, విప్పేటప్పుడు లోపల ఫ్లోటింగ్ పాయింట్‌లో (దశాంశ సంఖ్యల్లో, ఎక్కువ సూక్ష్మంగా) విప్పినా, మనం చెప్పకపోతే వేవ్ ఫైలుని (కుదించని ఆడియో ఫైలుని) 16 బిట్లలో రాస్తుంది. తర్వాత గొంతు పెంచాల్సిన పనుంటే 24 అడగండి. అలా అడిగితే మూడోది ఎదురవుతుంది. ఆరు ఛానళ్ళు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు ఒకే వేవ్ ఫైలులో పెడితే దాదాపు 83 నిమిషాలకి ఆ రకం ఫైలుకుండే 4 జీబీ హద్దు వచ్చేస్తుంది. మన పెళ్ళి డిస్కులన్నీ కలిపితే రెండు గంటలు దాటుతాయి. ఆ హద్దు దాటనిచ్చే ఆర్ఎఫ్64 ఆప్షను పెట్టుకోవాలి, లేదా నాలాగా ఆరు మోనో ఫైళ్ళు చేసుకోవాలి.

మన కాలవగట్ల చెమ్మకి డిస్కులు బూజెక్కి వస్తాయి. పాడైన చోట ఎర్ర అక్షరాల్లో ఫిర్యాదు చేసి ముందుకి సాగుతుంది, ఆగిపోదు. ఒక్కో ఏసీ-3 ఫ్రేము 48 కిలోహెర్ట్జ్ దగ్గర 32 మిల్లీసెకన్లే కాబట్టి ఒకటీ అరా పోయినా మాట తెలుస్తుంది. డీవీడీలో బొమ్మా శబ్దమూ కలిసి ఉండే వీఓబీ ఫైళ్ళలో ఒక్కోసారి ఆడియో ట్రాకే కనపడదు. ఫైలు మొదట్లో ఎంత మేర వెతకాలో చెప్పే ప్రోబ్‌సైజు, ఎనలైజ్‌డ్యూరేషన్ రెండూ పెంచితే దొరుకుతుంది. ఈ మాట తెలియక ఒక డిస్కుని మూగదని తిప్పి పంపేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

డాక్యుమెంటేషన్ కొత్తవాళ్ళకి కొరుకుడు పడదు. డాల్బీవాళ్ళ అట్మాస్ పద్ధతిలో ఛానళ్ళుగా కాక ఒక్కో శబ్దం విడివిడి వస్తువుగా ఉండే ఆడియోని ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ విప్పలేదు, మామూలు ఛానళ్ళే ఇస్తుంది. నా పనికి అది అడ్డు కాలేదు.

ఇప్పుడు 5.1 డిస్కు ఏదొచ్చినా వీడియోతో పాటు ఆ ఆరు ఫైళ్ళూ అదే పెన్‌డ్రైవులో వేసిస్తున్నాను. వెనక రెండింటి పేరు "తీసినవారి వైపు" అని పెడుతున్నాను.