యూఎస్‌బీ డ్రైవర్‌కి క్లాక్: బూట్‌లోడర్ దయా, సొంత తూమా?

భీమవరం దగ్గర మా బావ రొయ్యల చెరువు గట్టు మీద, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సెన్సార్‌ని ఓ చిన్న ఆర్మ్ బోర్డుకి యూఎస్‌బీతో తగిలించాం. చిప్‌లోని యూఎస్‌బీ కంట్రోలర్‌కి క్లాక్, అంటే దాన్ని నడిపే టిక్‌టిక్ సంకేతం, అందకపోతే అది ఎండిన బోదె లాంటిదే. ఆ క్లాక్ తెరవడానికి రెండు దారులు.

మొదటిది, బూట్‌లోడర్ (లినక్స్ కంటే ముందు నడిచి దాన్ని లేపే చిన్న ప్రోగ్రామ్) తెరిచి వదిలినదాన్ని అలాగే వాడుకోవడం. డ్రైవర్‌లో (లినక్స్‌లో ఆ కంట్రోలర్‌ని నడిపే కోడ్‌లో) దీనికోసం ఒక్క లైనూ రాయక్కర్లేదు. పై రైతు తూమెత్తితే మన చేను తడిసినట్టన్నమాట. కానీ యూ-బూట్ అనే బూట్‌లోడర్ యూఎస్‌బీ జోలికి పోకుండా ఎస్‌డీ కార్డు నుంచే బూట్ చేసిందనుకోండి, తూము మూసే ఉండొచ్చు. తెరిచినా భరోసా లేదు: ఎవరూ అడగని క్లాకులను లినక్స్ బూట్ చివర్లో తనే ఆపేస్తుంది, వేసవిలో ధవళేశ్వరం నుంచి కాలువలు కట్టేసినట్టు. క్లాక్ ఆగిన కంట్రోలర్ రిజిస్టర్‌ని (దాన్ని అదుపు చేసే చిన్న మెమరీ గడిని) చదవబోతే చాలా చిప్‌లలో బస్, అంటే చిప్ లోపల డేటా నడిచే దారి, బిగుసుకుపోతుంది. ఒక్కోసారి ఎర్రర్ కూడా కనపడదు. మాకు రెండు రాత్రులు అలాగే పోయాయి, కేబుల్‌ని తిట్టుకుంటూ.

రెండోది, డ్రైవరే డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో లినక్స్‌కి చెప్పే జాబితాలో) తన క్లాకులు వెతుక్కుని, తెరిచి, రీసెట్ (కంట్రోలర్‌ని కదలకుండా పట్టి ఉంచే సంకేతం) వదిలి, ఆ తర్వాతే రిజిస్టర్లు ముట్టుకోవడం. పని ఎక్కువే: మధ్యలో ఏది విఫలమైనా తెరిచినవన్నీ వెనక్కి వరసలో మూయాలి. లాభం, బోర్డు నిద్రపోయేటప్పుడు క్లాక్ ఆపి బ్యాటరీ మిగుల్చుకోవచ్చు.

నా ఓటు రెండోదానికే. బల్ల మీద పరీక్షకైతే, వాడని క్లాకులను ఆపొద్దని లినక్స్‌కి బూట్ ఆప్షన్ ఇచ్చి మొదటి దారిలో నెట్టుకురావచ్చు. చెరువు గట్టు మీదికి మాత్రం వద్దు. ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునే.