ఏడాదిలో బైబిలంతానా, నెలకో చిన్న పత్రికా? ఏది మేలు?

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసేసరికి చాలా సంఘాల్లో విశ్వాసుల చేతికి రెండు కాగితాలు వస్తాయి. ఒకటి ఏడాదికి ఒక బైబిలు వచనం ఉండే వాగ్దానం కార్డు, రెండోది బైబిలు పఠన పట్టిక. కార్డు ఏడాది పొడుగునా బైబిల్లోనే ఉంటుంది. పట్టికలో టిక్కులు మాత్రం ఫిబ్రవరి దాటేసరికి ఆగిపోతాయి. ఒంగోలైనా, కావలైనా, గూడూరు పక్క పల్లెయినా ఇదే వరస. ఆగిపోయినవాళ్లు "మాలో భక్తి చాలడం లేదు" అని తమను తామే నిందించుకుంటారు. చాలాసార్లు అసలు సంగతి అది కాదు. వాళ్లు పట్టుకున్న పద్ధతి వాళ్ల రోజుతో కుదరలేదు, అంతే.

సొంతంగా వాక్యం చదువుకునేవాళ్ల ముందు ముఖ్యంగా మూడు దారులున్నాయి: పట్టిక ప్రకారం ఏడాదిలో మొత్తం చదవడం, ఒక్క పుస్తకం పట్టుకుని నెమ్మదిగా ధ్యానించడం, ఫోనులో ఆడియో వినడం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. కథగా నడిచే పుస్తకాలకు వేగం మేలు, పత్రికలకు, అంటే క్రొత్త నిబంధనలోని ఉత్తరాలకు, నెమ్మది మేలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు నెమ్మది పద్ధతే ముందు. ఎందుకో లెక్కలతో చూద్దాం.

ఏడాది పట్టిక

66 పుస్తకాల్లో 1189 అధ్యాయాలు. పాత నిబంధనలో 929, క్రొత్త నిబంధనలో 260. మామూలు రోజుల్లో మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదికి సరిపోతుంది. తెలుగులో ఒక అధ్యాయం తొందరపడకుండా చదవడానికి సుమారు నాలుగైదు నిమిషాలు పడుతుంది కాబట్టి రోజుకు పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. లెక్క చూస్తే ఇది పెద్ద భారమేమీ కాదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆదికాండము 50 అధ్యాయాలు కథ కనుక పరుగులా సాగిపోతాయి. నిర్గమకాండము 20 దాకా కూడా అంతే. జనవరి నాలుగో వారంలో నిర్గమ 25 వస్తుంది. అక్కడినుంచి ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారమైన ప్రత్యక్ష గుడారం కొలతలు, మూరలు, తెరలు, కొలుకులు. 35 నుంచి 40 దాకా అవే వివరాలు మళ్లీ, ఈసారి పని జరిగిన తీరుగా. నెలాఖరుకు లేవీయకాండము మొదలవుతుంది. మొదటి ఏడు అధ్యాయాలు బలుల విధులు, 13, 14 అధ్యాయాల్లో కుష్ఠు పరీక్ష. ఆ తర్వాత సంఖ్యాకాండము, అందులో 89 వచనాల ఏడో అధ్యాయం, పన్నెండు గోత్రాల ప్రధానులు తెచ్చిన ఒకే రకం అర్పణలు పన్నెండుసార్లు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడి ఇళ్లలో పని ముంచుకొస్తుంది. నెల్లూరు వైపు వరి కోతలు, ప్రకాశం వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రీ పగలూ మంట కాపలా. బరువైన అధ్యాయాలూ బరువైన పనులూ ఒకే నెలలో కలిస్తే ఎవరికైనా కష్టమే.

ఆ తర్వాత జరిగేది ఇంకా నష్టం. పది రోజులు తప్పిపోతే ముప్ఫై మూడు అధ్యాయాల బాకీ పేరుకుంటుంది. అదంతా ఒక్క ఆదివారం మధ్యాహ్నం తీర్చేద్దామని కూర్చుంటే రెండున్నర గంటలు. కళ్లు అక్షరాల మీద నడుస్తాయి, మనసు ఎక్కడో ఉంటుంది. రెండుసార్లు ఇలా అయ్యాక పట్టిక సొరుగులోకి పోతుంది. దీనికి మందు తేలికే: బాకీ తీర్చవద్దు. ఈ రోజు తేదీకి ఎదురుగా ఏముందో అదే చదవండి, ఖాళీ గళ్లు ఖాళీగానే ఉండనివ్వండి. అలా వదలడం ఇష్టం లేనివాళ్లు నెలకు 25 రోజులకే పట్టిక వేసుకోవాలి. రోజుకు నాలుగు అధ్యాయాల చొప్పున 25 రోజులు, పన్నెండు నెలలకు 1200. మిగిలిన రోజులు తప్పినవి అందుకోవడానికి. అదే పట్టికను రోజుకు రెండు అధ్యాయాలుగా రెండేళ్లు నడిపితే ఇంకా ఊపిరాడుతుంది. ఏడాదిలోనే ముగించాలని వాక్యంలో ఎక్కడా లేదు.

వరసగా చదవడం విసుగనిపించేవారికి, స్కాట్లాండు సేవకుడు రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం వేసిన పట్టిక ఒకటుంది. రోజుకు నాలుగు చోట్ల చదవాలి. జనవరి 1న ఆదికాండము 1, ఎజ్రా 1, మత్తయి 1, అపొస్తలుల కార్యములు 1. ఏడాదికి పాత నిబంధన ఒకసారి, క్రొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. లేవీయకాండము చదువుతున్న రోజున కూడా పక్కన వేరే భాగం ఉంటుంది కాబట్టి నీరసం రాదు. అయితే నాలుగు కథలు ఒకేసారి గుర్తుంచుకోవాలి, బైబిలు పరిచయం లేనివారికి అది గందరగోళం. ఒకసారి మొత్తం చదివినవారికే ఇది చెప్పదగ్గది.

ఒక్క పుస్తకం, ఒక్క నెల

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక తీసుకోండి. నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు. మొదటి వారం ప్రతిరోజూ పత్రిక మొత్తం ఒకే బిగిన చదవాలి, దాదాపు ఇరవై నిమిషాలు. రెండో వారం నుంచి రోజుకు ఐదు వచనాలు. అలా 21 రోజుల్లో పూర్తవుతుంది. మొత్తం నాలుగు వారాలు.

మొదటి వారమే దండగ అనిపిస్తుంది చాలామందికి. "నిన్న చదివిందే గదా" అంటారు. కానీ ఆ వారాన్ని వదిలేస్తే ఈ పద్ధతిలో సగం ప్రయోజనం పోతుంది. మూడో రోజో నాలుగో రోజో ఒక సంగతి కనబడుతుంది: రెండో అధ్యాయం మొదట్లో పౌలు అందరినీ ఏకమనస్కులై ఉండమంటాడు. నాలుగో అధ్యాయం మొదట్లో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలను పేరుపెట్టి పిలిచి, ప్రభువునందు ఏకమనస్సుతో ఉండండని బతిమాలతాడు. ఈ రెంటికీ నడుమ, క్రీస్తు తన్ను తాను రిక్తునిగా చేసికొని సిలువ మరణం దాకా తగ్గించుకున్న ఆ గొప్ప భాగం ఉంది. అంటే ఆ భాగం పండగ ప్రసంగం కోసం మాత్రమే ఉన్నది కాదు. మనసులు కలవని ఇద్దరు సహోదరీల మధ్య పెట్టిన మాట అది. రోజుకు ఐదు వచనాలే చదివేవారికి, వీటి మధ్య పది రోజుల ఎడం వస్తుంది కనుక, ఈ లంకె దొరకదు. సంఘంలో పలకరింపులు మానుకున్న వాళ్లెవరైనా మీకు తెలిసి ఉంటే, ఆ రోజు వాక్యం ఏం అడుగుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

రెండో వారం నుంచి రోజూ పని ఇలా సాగుతుంది. ఐదు వచనాలు ఒకసారి పైకి చదవండి. మన పాత అనువాదంలో వాక్యాలు పొడుగు, క్రియ చివరికి గానీ రాదు. పైకి చదివితేనే ఎవరు ఎవరికి ఏం చేశారో తేలుతుంది. అయినా తెలియకపోతే వాడుక భాష అనువాదం ఒకటి పక్కన పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. రెండోసారి పెన్సిలుతో చదవండి. "గనుక", "కాబట్టి", "అయితే" అన్న మాటల కింద గీత పెట్టి, ముందు వచనంలో దేనితో అతుకుతున్నాయో చూడండి. మూడోసారి దేవుని గురించి ఏం తెలిసింది, నేను చేయవలసిన ఆజ్ఞ ఉందా, మానవలసినది ఉందా అని అడగండి. నోటుబుక్కులో ఒక్కటే వాక్యం రాయండి, పేజీలు వద్దు. పేజీలు రాసేవాళ్లు రెండో వారానికి నోటుబుక్కే మూసేస్తారు. చివరికి రాసిన ఆ వాక్యాన్నే ప్రార్థనగా మార్చండి. వారానికి ఒక వచనం కంఠతా పట్టండి, చాలు.

ఫిలిప్పీయుల తర్వాత యాకోబు (5 అధ్యాయాలు, 108 వచనాలు), 1 యోహాను (5 అధ్యాయాలు, 105 వచనాలు) ఇదే కొలతకు వస్తాయి. 119వ కీర్తన ఎనిమిదేసి వచనాల 22 భాగాలు కనుక 22 రోజులు.

ఈ పద్ధతి పెద్ద లోపం, మనిషి తనకు నచ్చిన నాలుగు పుస్తకాల చుట్టూనే తిరగడం. కీర్తనలు, ఫిలిప్పీయులు, యాకోబు చదువుతూ పదేళ్లు గడిపినవాళ్లకు సౌలు తర్వాత రాజెవరో తెలియదు. రెండో ప్రమాదం, ఐదు వచనాల్లో తమకు కావలసిన అర్థం వెతుక్కోవడం. మొదటి వారం మొత్తం చదివితే ఇది చాలావరకు తగ్గుతుంది. మిగిలిన సందేహం సంఘ కాపరి అయ్యగారినో, చాలాకాలంగా వాక్యంలో ఉన్న పెద్దలనో అడిగి తీర్చుకోవాలి.

వినడం

వినడం తక్కువ రకం భక్తి అనుకోవద్దు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎక్కువమందికి అక్షరం రాదు. చెవితోనే వాక్యం అందుకున్నారు. రోమీయులకు 10:17 కూడా వినుట వలన విశ్వాసము కలుగుననే చెబుతుంది. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా ఉండేవారికి, చూపు తగ్గిన అవ్వలకు ఆడియో నిజంగా మేలు.

ఏ పుస్తకం వినాలన్నదే ముఖ్యం. రూతు నాలుగు అధ్యాయాలు ఇరవై నిమిషాల్లోపు అయిపోతాయి, ఒక్కసారి వింటే గుర్తుండిపోతుంది. సమూయేలు, రాజులు, సువార్తలు, అపొస్తలుల కార్యములు చెవికి బాగా పడతాయి. రోమీయులు, గలతీయులు వింటే పడవు. వాదం ఒక మెట్టు తప్పితే తర్వాతిదంతా శబ్దమే. సామెతలు 10 నుంచి కూడా అంతే, చాలా వచనాలు దేనికది విడిగా నిలుస్తాయి. చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ల మోతలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినడం పనిలో ప్రమాదం, వాక్యమూ బుర్రకెక్కదు. పని లేని గంటలో వినండి. విన్నాక ఇంట్లో ఒకరికి ఆ కథ చెప్పండి. చెప్పలేకపోతే ఆ అధ్యాయం మళ్లీ వినాలి.

వాట్సాప్‌లో రోజూ వచ్చే ఒక్క వచనం, వాగ్దానం కార్డు చదువు కింద లెక్కకు రావు. కార్డుల మీద తరచూ కనిపించే యిర్మీయా 29:11 చూడండి, సమాధానకరమైన ఉద్దేశములని దేవుడు చెప్పిన మాట. దాని ముందు వచనంలో బబులోనులో డెబ్బది సంవత్సరములు అని ఉంది. ఐదు నుంచి ఏడు దాకా చదివితే చెరలోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. వాగ్దానం నిజమే. అది ఎంతకాలం కనిపెట్టవలసిన వాగ్దానమో కార్డులో పట్టదు. కార్డు వచ్చిన రోజే ఆ అధ్యాయం మొత్తం చదవండి.

ఎలా కలపాలి

పొద్దున పావుగంట, ఫోను పక్క గదిలో ఉంచి, పెన్సిలుతో ఒక పత్రిక. సాయంత్రం పది నిమిషాలు కథా భాగం వినడం. ఆదికాండము, నిర్గమ 20 దాకా, యెహోషువ నుంచి 2 రాజులు దాకా, ఎజ్రా, నెహెమ్యా, ఎస్తేరు, నాలుగు సువార్తలు, అపొస్తలుల కార్యములు: అన్నీ కలిపి 371 అధ్యాయాలు. రోజుకు రెండు వింటే ఆరు నెలలు కొద్దిగా దాటుతుంది. బైబిలు కథ మొదటి నుంచి చివరి దాకా ఒక దారిగా తలకెక్కాక మిగతా పుస్తకాలకు చోటు దొరుకుతుంది.

లేవీయకాండాన్ని అప్పుడు తీయండి, ఒంటరిగా కాదు. 13, 14 అధ్యాయాలు చదివిన రోజే మార్కు 1:40-45 చదవాలి. ఎవరూ తాకని మనిషిని యేసు తాకి, యాజకునికి కనబడి మోషే నియమించిన కానుక సమర్పించమని పంపింది ఈ విధి ప్రకారమే. 16వ అధ్యాయంలో ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్కసారి తెర లోపలికి వెళ్లడం, రెండు మేకల్లో ఒకటి బలిగా, ఒకటి అరణ్యానికి పోవడం చదివాక, అదే రోజు హెబ్రీయులకు 9 చదవాలి. 27 అధ్యాయాలకు రోజుకొకటి చొప్పున నెల చాలు.